చేపలకు అమ్మవారు పోసిన ఎండాకాలం

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో సముద్రాన్ని కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ. మాకు తెలిసిన సముద్రమల్లా కిరాణా దుకాణం ముందు గోనెసంచిలో కూర్చునే దొడ్డుప్పే. నారింజ వాగు పేరుకు వాగే గాని, హోలీ దాటిందంటే అందులో పశువులు కూడా నీళ్ల కోసం వెతుక్కునేవి. అలాంటి ఊళ్లో, మా ఇంటి ముందరి అర్రలో, బాపు పడక్కుర్చీకి ఎదురుగా, అచ్చమైన అరేబియా సముద్రం ఒక గాజుపెట్టెలో కొన్నాళ్లు కాపురముంది. ఈ మాట చెబితే నా పిల్లలు "నాన్న మళ్లీ మొదలుపెట్టాడు" అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో కూడా చేపలపెట్టె ఉంటోంది కాబట్టి వాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. నాకు మాత్రం ఎక్కడ చేపలపెట్టె కనిపించినా, చేపల కంటే ముందు పోపు లేని పప్పు గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్తాను.

ఆ పెట్టెను తెచ్చింది మా మామ. అమ్మకు ఒక్కడే తమ్ముడు, బొంబాయి ఓడరేవు దగ్గర ఏదో కంపెనీలో నౌకరీ. బొంబాయి పోయినవాళ్లందరూ సినిమా పిచ్చి తగిలించుకుని వస్తే, ఈయన సముద్రపు చేపలను ఇంట్లో పెంచే పిచ్చి తగిలించుకున్నాడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టినరోజే అమ్మ "ఇది నా కోడలు" అని ప్రకటించేసిందట (నన్నెవరూ అడగలేదు, అడిగినా అప్పుడు నా ధ్యాసంతా జొన్నరొట్టె మీద ఉండేది). పెద్దయ్యాక మాత్రం ఎవరూ అడగకముందే నేనే ఒప్పేసుకున్నాను. చిక్కల్లా మామతోనే. నేను బీకాం గీటు మీద గట్టెక్కి, గంజ్‌లో, రైతుల అల్లం కమీషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా కుదిరాను. ఒంటికి ఎప్పుడూ పచ్చి అల్లం వాసన. దానికితోడు ఇంట్లో నాకు అప్పగించిన ప్రాణి ఏదీ బాగుపడిన దాఖలా లేదు. కోడిపిల్లలను చూసుకోమంటే పిల్లి చూసుకుంది. గులాబీ మొక్కకు నీళ్లు పోయమంటే, వాన పడుతుంది కదా అని ఊరుకున్నాను. వాన కూడా నాలాగే ఊరుకుంది. ఈ చరిత్ర అంతా మామకు తెలుసు. చెప్పింది ఇంకెవరో కాదు, బాపే.

ఆ ఏడు మామకు హైదరాబాద్ బదిలీ అయింది. అక్కడ ఇల్లింకా కుదరలేదు. సామాను లారీ ఎలాగూ మా ఊరి మీదుగానే పోవాలి కనుక, చేపలపెట్టెను మా ఇంట్లో దించేశాడు. అందులో తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు రెండు, వేలెడంత నీలి చేపలు మూడు, పళ్లెంలా వెడల్పుగా పసుపు రంగుది ఒకటి. మామ వాటి ఇంగ్లీషు పేర్లు చెబుతుంటే అమ్మ వినిపించుకోకుండా తన పేర్లు తను పెట్టేసుకుంది. ఎప్పుడూ పక్కపక్కనే తిరిగే నారింజ జంట "మొగుడుపెండ్లాలు", పసుపుది "పసుపు ముద్ద", మిగతావి "నీలిపోరగాండ్లు". మొత్తం కలిపి "పిల్లలు".

"హైదరాబాద్‌ల ఇల్లు దొరికెదాంక ఇవి నీ దగ్గరనే ఉంటయిరా అల్లుడా," అన్నాడు మామ, అందరి ముందూ. "పెండ్లి ముచ్చట గప్పుడు మాట్లాడుకుందం. గీ మూగజీవాలను బతికించి సూపెట్టు. చేపలను సూసుకోనోడు నా బిడ్డనేం సూసుకుంటడు?"

బాపు పడక్కుర్చీలోంచి "గిదేం పరీక్ష బామ్మర్దీ? వీడు కోళ్లల్లనే ఫేలయిండు గద" అని ఆజ్యం పోశాడు. మామ వెంట మరదలు కూడా వచ్చింది. సాయంత్రం పెట్టె దగ్గర దాణా వేయడం చూపిస్తూ గొంతు తగ్గించి, "బావా, చిటికెడే వెయ్యాలె. ప్రేమెక్కువై పిడికెడు వేసినవంటే నీళ్లు పాడైతయి. ఇవి పోతే నా సంగతి కూడ పోయినట్టే, డాడీ మాట తిప్పడు," అంది. ఒక ఆడపిల్ల అంత స్పష్టంగా నా చేతిలో తన జీవితాన్ని, చిటికెడు దాణాను కలిపి పెట్టడం నాకు అదే మొదలు.

సముద్రపు నీళ్లు వారం వారం కొంచెం మార్చాలి. దానికి మామ ఒక ఏర్పాటు చేశాడు. బొంబాయి నుంచి లారీ నడిపే ఒక పెద్దాయన ఉండేవాడు. ప్లాస్టిక్ డబ్బాల్లో సముద్రం నింపుకుని వచ్చి మా వీధి మలుపులో దించి పోయేవాడు. ఊరంతా ఆయన్ను "దరియా చాచా", అంటే సముద్రం బాబాయ్, అనేది. మొదటిసారి వచ్చినప్పుడు చిరాగ్‌పల్లి దగ్గర సరిహద్దు తనిఖీ నాకాలో ఆపారట. డబ్బాల్లో ఏముందంటే సముద్రం అన్నాడట. నిజం చెప్పేవాణ్ని ఎవడు నమ్ముతాడు? సారా అనుకుని, నాకా మనిషి మూత తీసి, కళ్లు మూసుకుని ఒక గుటక వేశాడట. "బేటా, ఆయన మొహం సూస్తివా, మూడు రోజులు నవ్వుతవ్," అని చాచా నాకు చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన లారీ కనబడితే చాలు, నాకాలో చెయ్యి ఊపి పంపేసేవారట.

అన్నీ సవ్యంగా సాగుతున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా గాలి బుడగలు ఆగిపోయేవి. అప్పుడు నేను సైకిలు పంపు గొట్టం నీళ్లలో పెట్టి కొట్టేవాణ్ని (ఆ ఎండాకాలం నా కుడిచెయ్యి పహిల్వాను చెయ్యిలా తయారైంది). ఇరుగుపొరుగు సాయంత్రాలు వచ్చి చూసి పోయేవారు. న్యాల్‌కల్ నుంచి అల్లం తెచ్చిన రైతులు కూడా దుకాణం పని ముగించుకుని "గా బొంబాయి చేపలు సూపియ్యి పటేలా" అని నా వెంట వచ్చేవారు. నేను కొంచెం గర్వపడ్డాను. గర్వపడినప్పుడల్లా నాకేదో ఒకటి అవుతుంది.

ఈసారి అది దరియా చాచా మంచితనం రూపంలో వచ్చింది. ఒకరోజు నీళ్ల డబ్బాలతో పాటు, పాలిథీన్ సంచిలో ఒక చారల చేపను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ షాదీ తోఫా, ముందుగాలనే," అన్నాడు. నేను పొంగిపోయి సంచి విప్పి అలాగే పెట్టెలోకి ఒంపేశాను. కొత్త చేపను కొన్నాళ్లు వేరే ఉంచాలని మామ చెప్పిన మాట, ఒంపిన తర్వాత గుర్తొచ్చింది.

వారం తిరక్కముందే కొత్త చేప ఒంటి మీద తెల్లటి చుక్కలు కనిపించాయి, రవ్వ చల్లినట్టు. మర్నాటికి నీలిపోరగాండ్లకు. చేపలన్నీ రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నాయి, దురద పుట్టినట్టు. కొత్త చేప తేలిపోయింది. దాని వెనకే పసుపు ముద్ద. దాన్ని కాగితంలో చుట్టి పెరట్లో బొంద పెడుతూ ఏడ్చినంత పని చేశాను. చేప పోయినందుకు సగం, మరదలు మాట గుర్తొచ్చి సగం. మామకు చెప్దామా అంటే, చెప్పిన మరుక్షణం పరీక్ష రద్దు. కాబట్టి నేను పశువుల దవాఖానకు పరుగెత్తాను.

అక్కడి డాక్టరు మంచాయన. రాసుకుంటూనే "ఏం జంతువు?" అన్నాడు. "చేప సార్." కలం ఆగింది. అయినా అలవాటు కొద్దీ "మేత మేస్తున్నదా? నెమరేస్తున్నదా?" అని అడిగేసి, తనే నాలుక కరుచుకున్నాడు. పాపం లేచి మందుల బీరువా తెరిచి చూశాడు. "సూడు బాబూ, మా దగ్గరున్న మందు ఎద్దు గొంతుల వెదురుగొట్టం పెట్టి పోసేది. నీ చేపకు గొట్టం పట్టదు," అని నా భుజం తట్టి, నా వెనక నిల్చున్న బర్రెను ముందుకు పిలిచాడు.

దిగాలుగా ఇంటికొస్తే అమ్మ పెట్టె ముందు చేతులు జోడించి నిల్చుని ఉంది. తలకు కొంగు కప్పుకుంది. "ఏమైందే?" అన్నాను. "నోరు పెద్దగ చెయ్యకు," అంది గుసగుసగా. "పిల్లలకు అమ్మోరు పోసింది."

నేను నవ్వబోయాను. అమ్మ చూసిన చూపుకు దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. మరి ఒంటి నిండా పొక్కులు, ఒకరి నుంచి ఒకరికి పాకడం, వచ్చింది ఎండాకాలంలో. మా ఇంట్లో దానికి ఇంకో పేరు లేదు. గంటలో గుమ్మానికి వేపమండలు కట్టింది. పెట్టె నాలుగు మూలలా వేపమండలు పెట్టింది. ఇంట్లో గొంతెత్తి మాట్లాడటం బంద్. బాపు గడ్డం గీసుకోవడం బంద్. అన్నిటికంటే ఘోరం, పోపు బంద్. అమ్మవారున్న ఇంట్లో నూనె కాగకూడదు, ఆవాలు చిటపటమనకూడదు. మా బాపు ఎండు మిరపకాయ, వెల్లుల్లి, ఇంగువతో ఘాటుగా పోపు పడితే గాని పప్పును పప్పుగా ఒప్పుకునే మనిషి కాదు. ఉడికిన కందిపప్పు పసుపు నీళ్లలా పళ్లెంలోకి జారగానే, "ఎవలికి పోసింది?" అన్నాడు. "పిల్లలకు." "ఏ పిల్లలకు?" అమ్మ పెట్టె వైపు చూపించింది. బాపు చాలాసేపు చేపల వైపు, పప్పు వైపు మార్చి మార్చి చూశాడు. "నా బతుకుల చేపలతోని పథ్యం చేస్తననుకోలే," అని కలుపుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి కళ్లద్దాలు పెట్టుకుని పెట్టె దగ్గర వంగి, "ఇయాల జర దిగిందానే?" అని అడగడం ఆయన పని అయింది. చూసేవాళ్లకు చేపల మీద ఎంత ప్రేమో అనిపించేది.

నాకూ అమ్మకూ అసలు యుద్ధం ఉప్పు దగ్గర మొదలైంది. సముద్రపు చేపలకు జబ్బు చేసిందంటే నీళ్లలో సముద్రం తగ్గి ఉంటుందని నా తెలివి చెప్పింది. పిడికెడు దొడ్డుప్పు కలపబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మోరు పోసినోల్లకు ఎవలన్న ఉప్పు పెడ్తరారా?"

"అమ్మా, అవి ఉప్పునీళ్ల చేపలే! ఉప్పు లేకుంటే సచ్చిపోతయి!"

"ఉప్పునీళ్లయో, సప్పటి నీళ్లయో. ఒంటి మీద పొక్కులున్నయా లేవా?"

ఉన్నాయి.

"నీకు పోసినప్పుడు సప్పిడి పెట్టిన్నా లేదా? బతికినవా లేదా?"

బతికాను. మర్నాటి నుంచి పొద్దున్నే అమ్మ పెట్టెలోంచి ఒక చెంబెడు నీళ్లు తీసి, ఒక చెంబెడు బావినీళ్లు పోసేది. ఒక్కసారే అంతా మార్చకపోవడానికి ఆమె కారణం ఆమెకుంది: "పుట్టినకాడికెల్లి ఉప్పు తిన్నోల్లు. ఒక్కసారే సప్పిడంటే నోరు కొట్టినట్టయితది." నేను దాచిన ఉప్పు సంచి మాయమైంది. కిరాణా దుకాణానికి పోతే ఆయన కూడా చేతులు కట్టుకుని, "మీ ఇంట్ల అమ్మోరున్నదట గద, ఉప్పెట్ల ఇయ్యాలె? మీ అమ్మ ఒద్దన్నది," అన్నాడు. చివరి ఆశ దరియా చాచా. ఆయన డబ్బాలతో వచ్చేసరికి అమ్మ గడప దగ్గరే ఆపేసింది, బయటివాళ్లు లోపలికి రావద్దని. చాచా వేపమండలు చూసి, చెప్పులు విప్పి, దూరం నుంచే దండం పెట్టి, సముద్రాన్ని వెనక్కి తీసుకుపోయాడు. ఊరంతా ఒకవైపు, బీకాం చదివిన నేనొక్కణ్ని ఒకవైపు. నీలిపోరగాండ్లలో ఒకటి పోయింది. ఇక లాభం లేదనుకున్నాను. ఒక పక్క మొగుడుపెండ్లాల ఒంటి మీద చుక్కలు. ఇంకో పక్క ప్రతి పొద్దున చెంబు చప్పుడు. ఆ చప్పుడు వినబడితే నా పెళ్లి కొంచెం కొంచెంగా కరిగిపోతున్నట్టుండేది.

ఈలోగా ఊళ్లో ఇంకొకటి జరిగింది. ఎవరడిగినా అమ్మ "మా పిల్లలకు పోసింది" అనేది. మా ఇంట్లో పిల్లలంటే నేనొక్కణ్నే, నాకు చిన్నప్పుడే ఒకసారి పోసిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అడ్తి సేటు మనిషిని పంపాడు, తగ్గేదాకా దుకాణం మొహం చూడవద్దని. నేను వీధిలోకి వస్తే జనం గోడవారకు జరిగేవారు. "అయ్యో, ఎందుకు లేచినవు బిడ్డా, పండుకోరాదు," అని ముసలమ్మలు దూరం నుంచే జాలిపడేవారు. నాకు కాదు, చేపలకు అని చెబితే, జ్వరం నెత్తికెక్కి మాట్లాడుతున్నానని ఇంకా జాలిపడేవారు. అలా అలా ఆ మాట హైదరాబాద్ బస్సెక్కి, మామ దాకా "మీ అల్లునికి అమ్మోరు గట్టిగ పోసిందట" అని చేరింది.

ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నేను బనియనుతో, మెడలో తువ్వాలుతో, నాలుగు వేపమండల మధ్య కూర్చుని సైకిలు పంపు కొడుతున్నాను. గుమ్మం దగ్గర అలికిడైంది. చూస్తే మామ, ఆయన వెనక మరదలు. ఆమె చేతిలో కొబ్బరి బొండాలున్న సంచి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మ కాళ్లు కడుక్కోమంటున్నా వినకుండా లోపలికొచ్చి, నా మొహం, చేతులు, మెడ, అన్నీ వెతికింది.

"మచ్చలేవి?" అంది.

"నాకు కాదు. పెట్టెల ఉన్నోల్లకు," అన్నాను.

ఆమె పెట్టె వైపు చూసింది, నా చేతిలో పంపు వైపు చూసింది. తర్వాత సంచితో నా వీపు మీద ఒక్కటి వేసింది. బొండాలున్న సంచి అని చెప్పాను కదా. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తుంది, అంత సంతోషం ఏ దెబ్బకూ కలగలేదు. "ఇది, నాకు చిన్నగున్నప్పుడే పోసింది, మల్ల అంటుకోదు, బావను నేనే సూసుకుంటనని ఒక్కటే ఏడుపు. మీ అత్త ఎంత ఒద్దన్న ఇనలే," అని మామ విసుక్కుంటూ చెప్పాడు. నేను పంపు కొట్టడం మర్చిపోయాను. చేపలను చూసుకోలేని నన్ను చూసుకోవడానికి ఒక మనిషి వచ్చింది. ఇక పరీక్ష పోయినా ఫరవాలేదనిపించింది. అంతలోనే, పోతే ఎట్లా అని మళ్లీ పంపు అందుకున్నాను.

మామ పెట్టె దగ్గర కూర్చున్నాడు. పసుపు ముద్ద లేదు, నీలివాటిలో ఒకటి లేదు. ఆయన మొహం నల్లబడింది. తర్వాత మొగుడుపెండ్లాలను తేరిపార చూశాడు. ఒంటి మీద చుక్కల్లేవు. నేనూ అప్పుడే గమనించాను. రోజూ చూసేవాడికి తగ్గడం కనిపించదు. బాపు ఒక్కడే పోపు మీద ఆశతో "మొన్నటి సంది దిగుతనే ఉన్నది" అన్నాడు. మామ, చేపలపెట్టెతో పాటు ఇక్కడే దించిన సామాన్లలోంచి, ఉప్పెంతుందో చూసే గాజు కడ్డీని తీసి నీళ్లలో వేశాడు. పైకి తేలాల్సినది లోపలికి దిగబడింది.

"ఉప్పేదిరా?" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తడబడలేదు. "నేనే తగ్గించిన తమ్మీ. దినాం చెంబెడు. అమ్మోరు పోసినోల్లకు సప్పిడి పెట్టాలె గద."

మామ కడ్డీని తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, నవ్వుతున్నాడు. ఆ పొక్కులు పెట్టే పురుగు ఉప్పులోనే బతుకుతుందట. ఉప్పు మెల్లమెల్లగా తగ్గిస్తే అది చస్తుంది, చేప ఓర్చుకుంటుంది. ఒక్కసారే తగ్గిస్తే రెండూ పోతాయి. బొంబాయిలో చేపలు పెంచే పెద్ద పెద్ద షోకీన్లు చేసే వైద్యం అదేనట. "గిది నీకెవరు చెప్పిన్రక్కా?" అన్నాడు. "ఎవలు చెప్తరు? ఇంటి ఆడోల్లకు ఎర్కుండదా?" అంది అమ్మ. పురుగు సంగతి ఆమె చివరిదాకా నమ్మలేదు. తల్లి శాంతించింది, అంతే.

"మరి... పరీక్ష?" అన్నాను నేను, నేల చూస్తూ.

"నువ్వు ఫేలయినవ్," అన్నాడు మామ ఠక్కున. మరదలు చేతిలో సంచి కింద పడింది. "కొత్తదాన్ని కలిపినవ్, రోగం తెచ్చినవ్, పైకెల్లి ఉప్పు పోస్తనన్నవట. నా బిడ్డను నీ చేతిల పెట్టేది లేదు." ఆగి, అమ్మ వైపు తిరిగాడు. "మా అక్క చేతిల పెడుతున్న. ఇగ నాకు ఫికర్ లేదు."

అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను ఎటు చూడాలో తెలియక చేపలను చూశాను. బాపు గొంతు సవరించుకుని, "అవన్ని మంచిగనే ఉన్నయి గని, అమ్మోరు దిగినట్టేనా? పోపు పెట్టొచ్చునా?" అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ వేపమండతో పెట్టె మీద నీళ్లు చిలకరించి (తలస్నానం చేయించాలంటే, "అవి నీళ్లలనే ఉన్నయి గదక్కా" అని మామ బతిమాలాడు), పెరుగన్నం నివేదించి, పొయ్యి మీద నూనె పెట్టింది. ఆవాలు చిటపటలాడగానే బాపు పడక్కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, కళ్లు మూసుకుని నిల్చున్నాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆనందబాష్పాలు రాల్చింది ఆయనే.

అవన్నీ జరిగి చాలా ఏళ్లయింది. అమ్మ లేదు, మామ లేడు, గాజుపెట్టె ఏ అటక మీద ఉందో తెలియదు. పోయినేడు డాక్టరు నాకు బీపీ అని చెప్పి, ఉప్పు తగ్గించమన్నాడు. ఇంట్లో దాని మీద ఏ చర్చా జరగలేదు. నేనూ మర్చిపోయాను. మొన్నెప్పుడో చుట్టాలింట్లో తింటే కూర ఉప్పు కషాయంలా తగిలింది. వాళ్లందరూ మామూలుగానే తింటున్నారు. అప్పుడు వెలిగింది నాకు. ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చుని, "ఏమే, ఎన్నాళ్ల సంది తగ్గిస్తున్నవే ఉప్పు?" అని అడిగాను.

"దినాం జరంత," అంది మా మరదలు, తల తిప్పకుండా. "ఒక్కసారే సప్పిడంటే నోరు కొట్టినట్టయితదని."

"అరే, నేను పుట్టినకాడికెల్లి ఉప్పు తిన్న మనిషిని!"

"బీపీ ఉన్నదా లేదా?"

అచ్చం మా అమ్మ గొంతే. ఆ నారింజ చేపల్లో ఒకటి కూడా, అమ్మ చెంబెడు నీళ్లు మార్చిన ఒక పొద్దున, గాజు దగ్గరికొచ్చి, నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకోవడం నేను చూశాను. అప్పుడు దానికి ఊపిరాడటం లేదనుకుని పంపు కోసం పరుగెత్తాను. ఇప్పుడు నేను కూడా నోరు తెరిచి, మూసుకుని, పప్పు కలుపుకున్నాను.